ఎంగిలి తీసిన పీక

మా తమ్ముడు పోయిన పదో రోజున, కువైట్‌లోని మిష్రిఫ్‌లో నేను పనిచేసే ఇంట్లో, చనిపోయిన ఒక జపాను పెద్దాయన ఊదిన పీకను పసుపు నీళ్ళలో వేసి కాచాను. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను. ఎవరూ అడగకపోయినా ఆ సంగతి రాసుకోవాలనిపించి రాస్తున్నాను.

పీక అంటే సన్నాయి కొసన గుచ్చి, నోట్లో పెట్టుకుని ఊదే గడ్డి ముక్క. మాది రాయచోటి దగ్గర సన్నాయి ఇల్లు. తాత ఊదాడు, నాన్న ఊదాడు, తమ్ముడు ఊదాడు. ఆడవాళ్ళం ఊదం. కానీ పీకలు చేసేది మేమే. ఏటి గట్టున దొరికే సన్నని గడ్డి కాడలు తెచ్చి, నానబెట్టి, ఉడకబెట్టి, చపటగా నొక్కి, దారంతో బిగించి కట్టి, కొసను బ్లేడుతో గీకి పలుచన చేస్తాం. ఇంకెంత గీకాలో వేలి మీద పెట్టుకుని చూస్తే నాకు తెలిసిపోతుంది. నోట్లో మాత్రం పెట్టకూడదు. ఆడదాని నోరు తగిలిన పీకతో పెళ్ళికి పోతే మేళం చెడుతుందని మా అమ్మ చెప్పేది. చెడిన మేళాలన్నీ మగవాళ్ళు తాగిపోయి చెడగొట్టినవే కదమ్మా అంటే, నోరు మూసుకొమ్మనేది.

నేను కువైట్‌కు వచ్చి తొమ్మిదేళ్ళయింది. మొదటి ఆరేళ్ళు సబా అల్ సలేంలో ఒక కువైటీ ఇంట్లో చేశాను. తర్వాత ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, మార్పించుకుని ఈ జపాను దంపతుల దగ్గర చేరాను. ఆయన కరెంటు ప్లాంటులో ఇంజినీరు. ఆవిడకు అరవై దగ్గర పడి ఉంటాయి. పాత ఇంటి అలవాటు కొద్దీ ఆవిడనూ మామా అనే, అరబ్బుల తీరున అమ్మా అన్నట్టు, పిలిచాను. అలా పిలవొద్దని రెండుసార్లు చెప్పి చూసింది. మూడోసారి పలికింది.

చేరిన మొదటి వారమే ఒకరోజు వంటింట్లో ఉండగా లోపలి గదిలోంచి పెద్ద అరుపు. కుక్కర్‌కు ఏదో అయిందనుకుని పొయ్యి ఆపేశాను. అరుపు ఆగలేదు. పైకి పోయి, కిందికి జారి, మళ్ళీ మెల్లగా పైకి పాకింది. గది తలుపు దగ్గరికి వెళ్ళి చూస్తే మామా నేల మీద మోకాళ్ళు మడిచి కూర్చుని ఉంది. చేతిలో జానెడు పొడవున్న వెదురు గొట్టం. దాని చుట్టూ సన్నని చెట్టు బెరడు పేలికలు నల్లగా, నున్నగా చుట్టి ఉన్నాయి. బుగ్గలు ఉబ్బించి ఊదుతోంది. పై వైపు ఏడు రంధ్రాలు, వెనక రెండు. దాని కొసన పీక ఉంది.

ఇంట్లోకి దొంగ వచ్చినా నేను అంత ఉలిక్కిపడేదాన్ని కాదు. సముద్రాలు దాటి వచ్చి, ఎవరో ముక్కూమొహం తెలియని మనుషుల ఇంట్లో అంట్లు తోముకుంటుంటే, అక్కడ కూడా పీకేనా అనిపించింది.

దాని పేరు హిచిరికి అని మామా చెప్పింది. మా ఇద్దరి ఇంగ్లీషూ కుంటిదే. ఆవిడ నాలుగు మాటలు అంటే నేను రెండు పట్టుకుంటాను, నేను నాలుగంటే ఆవిడ రెండు పట్టుకుంటుంది. ఇక్కడ మాత్రం మా మాటలను సాఫుగా తెలుగులోనే రాస్తున్నాను. వాళ్ళ రాజుగారి కొలువులో వాయించే సంగీతమట అది. వెయ్యేళ్ళ నాటిదట. గుళ్ళలోనూ వాయిస్తారట. మామా వాళ్ళ నాన్న ఊళ్ళో గుడికి ఊదేవాడు, కూతురికి ఆయనే నేర్పాడు. పాటను ముందు నోటితో పాడించి, తొడ మీద తాళం వేయించి, అది నోటికి వచ్చాకే హిచిరికి చేతికిచ్చేవాడట. ఆ మాటకు వస్తే మా నాన్న తమ్ముడికి నేర్పిందీ అలాగే. పాట తప్పితే వీపు మీద ఒక్కటి పడేది. మామాను కొట్టేవాడో లేదో నేను అడగలేదు.

మా కింది వాటా ఇంటి ఓనరుది. ఆయన దగ్గర డ్రైవరుగా పనిచేసేది రాయచోటి సాయిబు. ఒకరోజు చెత్త సంచీ తీసుకుని దిగుతుంటే ఆపి అడిగాడు.

“ఏం మా, మీ ఇంట్లో పెండ్లా? సన్నాయి ఇనపడతాంది?”

“పెండ్లి గాదు బాయ్. జపాను మేళం.”

“అట్లయితే పెండ్లికొడుకు పారిపొయినట్టుండాడు. ఆ ఏడుపు యాల ఏడస్తాండారు?”

నాకూ మొదట్లో ఏడుపులానే వినపడేది. తర్వాత అలవాటైంది. ఇంకొన్నాళ్ళకు, ఆవిడ ఊదని రోజున ఇల్లు చప్పబడినట్టు ఉండేది.

ఇక్కడి గాలికి పీకలు నిలవవు. బయట ఎండ పీల్చేస్తుంది, లోపల ఏసీ పీల్చేస్తుంది. ఒకసారి మామా పీక అడుగున చుట్టిన కాగితం ఎండి వదులైపోయింది, గొట్టంలో గుచ్చితే నిలవడం లేదు. ఆవిడ అవస్థ పడుతుంటే చూడలేక, ఇలా ఇవ్వండని తీసుకుని, నాలుగు చుట్లు చుట్టి సరిగ్గా బిగించి ఇచ్చాను. ఆవిడ పీకను చూసింది, తర్వాత నా వేళ్ళను చూసింది. అప్పుడు చెప్పాను, మాది పీకలు చేసే ఇల్లని. ఆ రోజు ఇద్దరం నేల మీద కూర్చుని గంటసేపు పీకల గురించే మాట్లాడుకున్నాం. మా పీక బొటనవేలి గోరంత ఉంటే, వాళ్ళది బొటనవేలంత ఉంటుంది. మందంగా, మొండిగా ఉంటుంది. దాన్ని ఊదే ముందు వేడి టీలో నానబెడతారు. పాలూ చక్కెరా లేని పచ్చ టీ. మా పీకలకు ఉమ్మే గతి, వీళ్ళ పీకలకు టీ మర్యాదలు అని నవ్వాను. ఆ టీ పెట్టి పీకను నానబెట్టే పని ఆ రోజు నుంచి నాదైంది. ఆవిడ ఆ పని ఇంకెవరికీ ఇచ్చేది కాదు, భర్తకు కూడా.

పోయిన ఏడాది మామా వాళ్ళ నాన్న పోయాడు. ఈవిడ ఇక్కడి నుంచి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఒక చిన్న చెక్క పెట్టె తెచ్చుకుంది. అందులో ఒకే ఒక్క పీక. ఆయన మంచం పక్కన హిచిరికిలో ఇంకా గుచ్చే ఉండిందట. ఏడాది తిరిగిన రోజున నాన్న ఫోటో ముందు కూర్చుని, ఆ పీకతో ఆయన నేర్పిన పాట ఊదాలని ఆవిడ కోరిక. అప్పటిదాకా దాన్ని ముట్టుకోనంది. ఇంట్లో మా ముగ్గురికీ తెలుసు, ఆవిడ ఏడాదంతా ఆ ఒక్క రోజు కోసం చూస్తోందని. ఒకసారి పెట్టె తీసి నాకు చూపించింది. పీక కొసన ఎడమ పక్కన నల్లటి మచ్చ, అక్కడే చిన్న నొక్కు. ఆయన ఎడమవైపు కొరికి పట్టుకునేవాడని చెప్పింది. లోపం చూపిస్తోందనుకున్నాను.

మా తమ్ముడికి నలభై నిండలేదు. ఒక బుధవారం పొద్దున, మేళానికి బయల్దేరుతూ చొక్కా వేసుకుంటూ కూలబడ్డాడట. గుండె ఆగిందన్నారు. చిన్నాన్న కొడుకు ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను సారు చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. ఊ అన్నాను. చేతిలో ఉన్న చొక్కా కాలర్ పూర్తి చేశాను. తర్వాత ఇంకో నాలుగు చొక్కాలు చేశాను. మధ్యాహ్నానికే ఎత్తేశారని ఇంకోసారి ఫోన్ వచ్చింది. అప్పుడు చేపలు కడుగుతున్నాను.

మామాకు చెప్పలేదు. చెబితే ఆ సాయంత్రమే టికెట్ తీసి పంపేవాళ్ళు. అంత మంచివాళ్ళు. నా భయమూ అదే. వెళితే చూడాలి. ఖాళీ మంచం చూడాలి, గోడకు తగిలించిన సన్నాయి సంచీ చూడాలి, మా మరదలి మొహం చూడాలి. వెళ్ళకపోతే నాకు సంబంధించినంత వరకు ఏమీ కాలేదు. లేచాను, వండాను, తుడిచాను, పడుకున్నాను. నిద్ర కూడా బాగానే పట్టింది. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. నేను ఏడవలేదు. ఏడుపు ఆపుకోలేదు కూడా, రాలేదు అంతే.

మూడో రోజున మరదలు ఫోన్ చేసింది. నేను బీన్స్ తుంచుతున్నాను.

“వదినా, ఆయన పీక శానా బాగుండాది. పదకొండోనాడు ఎంగిలి తీయల్లంట. చిన్నమామ కొడుక్కు ఇయ్యల్లంట. అత్త ల్యాకపాయ. ఎట్ల చేసేదో నాకు తెల్దు. నువ్వే చెప్పల్ల.”

మరదలు చెప్పిన చిన్నమామ మా చిన్నాన్నే. ఎంగిలి తీయడం మా ఇంటి పద్ధతి. వేరే ఇళ్ళలో ఉందో లేదో నాకు తెలియదు. ఎవరి పీక వాళ్ళదే. ఇంకొకరి ఎంగిలి పీకను నోట్లో పెట్టుకోరు. ఊదేవాడు పోతే, అరిగిన పీకైతే వాడితోనే కాల్చేస్తారు. బాగున్నదైతే పదకొండో రోజున పసుపు నీళ్ళలో కాచి, కొస గీకి, కొత్త దారం కట్టి ఇంకొకరికి ఇస్తారు. పోయినవాడి నోరు దాని మీద ఉండగా బతికున్నవాడు ఊదకూడదు, ఊపిరి వాడితో పోతుందని అమ్మ చెప్పేది. నాన్న పోయినప్పుడు ఆ పని అమ్మ నా చేత చేయించింది. అది నిజమా కాదా అని నేనెప్పుడూ ఆలోచించలేదు, చేతులు నేర్చుకున్నాయి.

“ఇత్తడి గిన్నెలో సోలెడు నీళ్ళు పొయ్యి. అర చెంచా పసుపు. ఒక్క పొంగు రాంగానే దించు, ఎక్కువ కాంచితే నోరు విచ్చుకుంటాది. ఆరినాంక కొసన రెండు పక్కలా మూడేసి సార్లు గీకు,” అన్నాను.

“గీకేది నాకు శాతగాదు వదినా.”

“బ్లేడు పండబెట్టి గీకు. నొక్కాకు.”

నేను బీన్స్ తుంచడం ఆపలేదు.

ఆ తర్వాతి శుక్రవారం మామా నాన్నకు ఏడాది. సారు ప్లాంటులో డ్యూటీకి పోయాడు. మామా పొద్దున్నే తలస్నానం చేసి, ఫోటో పెట్టి, పక్కన హిచిరికి పెట్టింది. పండ్లు, పూలు తేవడానికి జమియా కోఆపరేటివ్ షాపుకు వెళ్తూ, చెక్క పెట్టెను రెండు చేతులా పట్టుకుని నాకు ఇచ్చింది.

“పదకొండింటికి టీ పెట్టు. ఈ రోజు నాన్నది నానబెట్టు,” అంది.

ఆవిడ వెళ్ళాక టీకి నీళ్ళు పెట్టి పెట్టె తెరిచాను. పీక బయటికి తీశాను. నల్లటి మచ్చ, నొక్కు. పోయిన మనిషి నోరు అలాగే ఉంది. ఏడాది నుంచి ఎవరూ తీయలేదు. పాపం, వీళ్ళకు తెలియదు, తీసేవాళ్ళు లేరు అనుకున్నాను. దీన్ని ఈవిడ ఇలాగే నోట్లో పెట్టుకుంటుందా అనుకున్నాను. అంతకుమించి ఆలోచించిన గుర్తు లేదు. ఇత్తడి గిన్నె లేదు, స్టీలు గిన్నె తీసుకున్నాను. సోలెడు నీళ్ళు, అర చెంచా పసుపు. ఒక్క పొంగుకు దించాను. గుడ్డతో అద్ది, బెత్తంతో చేసిన చిన్న ఉంగరం ఒకటి దాని నడుముకు ఉంటే పక్కకు జరిపి, బ్లేడు పండబెట్టి గీకాను. ఈ పక్క మూడు, ఆ పక్క మూడు. మచ్చ పోలేదు. ఇంకో మూడు గీకాను. మచ్చ పోయింది, నొక్కూ పోయింది. వేలి మీద పెట్టి చూసుకున్నాను. మా నాన్న ఒప్పుకునేంత పలుచగా వచ్చింది. పది రోజుల్లో నేను మనసు పెట్టి చేసిన పని అదొక్కటే. తర్వాత దాన్ని టీలో వేసి, కప్పు తీసుకెళ్ళి ఫోటో ముందు పెట్టాను.

మామా వచ్చింది. పండ్లు కడిగి పెట్టింది. పూలు సర్దింది. మోకాళ్ళు మడిచి కూర్చుని, ఫోటోకు వంగి దండం పెట్టి, కప్పులోంచి పీక తీసింది.

పసుపు టీలో కూడా దిగింది. ఆవిడ పీకను అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఎడమ పక్కన వేలితో తడిమింది.

“ఏం చేశావు?” అంది.

“శుభ్రం చేశాను మామా. నాన్నగారి నోరు ఉండింది. తీసేశాను. ఇప్పుడు మీరు ఊదొచ్చు.”

గర్వంగానే చెప్పాను. ఆవిడ నా వైపు చూసింది. నిదానంగా, ఒక్కొక్క మాట వెతుక్కుంటూ చెప్పింది.

“అది ఆయన నోరే. అది అక్కడ ఉండాలి. నాకు కావలసింది అదే.”

నాకు వెంటనే అర్థం కాలేదు. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అలాంటి మాట అనలేదు. పోయినవాళ్ళ ఎంగిలి ఒకరికి కావలసి ఉంటుందని, దాన్ని పెట్టెలో పెట్టి ఏడాది పాటు కాపాడుకుంటారని నా బుర్రకు తట్టలేదు. ఆవిడ పీకను గొట్టంలో గుచ్చి ఒక్కసారి ఊదింది. సన్నగా, తీయగా పలికింది. అచ్చం మా సన్నాయిలాగా. హిచిరికి గొంతే కాదది. ఒక్క ఊపిరితో ఆపేసి, పీక తీసి గుడ్డ మీద పెట్టింది. తన పీకల్లోంచి ఒకటి తీసి, తనే వంటింట్లోకి వెళ్ళి, తనే టీ పెట్టుకుంది. నన్ను అడగలేదు.

పాట మొత్తం ఊదింది. నేను గుమ్మంలో నిలబడే విన్నాను. వెళ్ళిపోవచ్చు, కానీ వెళ్ళడం దొంగతనంలా అనిపించింది. అయ్యాక క్షమించమన్నాను. ఆవిడ తల ఊపి, పక్కన కూర్చోమంది.

“ఇలా చేయడం ఎవరు నేర్పారు?”

“మా అమ్మ. మా నాన్న పోయినప్పుడు.”

“అప్పటి నుంచి మళ్ళీ ఈ రోజే చేశావా?”

“అవును మామా. రేపు మా తమ్ముడిది చేస్తారు. మా మరదలికి ఫోన్లో చెప్పాను ఎలా చేయాలో.”

అన్నాకే తెలిసింది ఏమన్నానో. మామా మొహం మారిపోయింది.

“తమ్ముడా? ఎప్పుడు?”

“పోయిన బుధవారం కాదు, అంతకు ముందు బుధవారం.”

నాన్న పీక పాడైనప్పుడు రాని కోపం ఆవిడకు అప్పుడు వచ్చింది. మూడేళ్ళలో ఎన్నడూ నా మీద గొంతెత్తని మనిషి గట్టిగా అరిచింది.

“ఇన్ని రోజులూ నాకు వండి పెట్టావా? నేను తిన్నానా?”

బాగానే తిన్నారు మామా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆవిడ గుడ్డ మీది పీక వైపు చూపించి, రేపు ఎన్ని గంటలకు చేస్తారని అడిగింది. పొద్దున అన్నాను.

“ఫోన్ చెయ్యి,” అంది.

వంటింట్లోకి వచ్చి ఫోన్ చేశాను. అక్కడ అప్పటికి మూడున్నర దాటి ఉంటుంది. మరదలే ఎత్తింది.

“ఏమ్మే, రేపు పీక కాంచాకు,” అన్నాను.

“యాల వదినా?”

“ఏం ల్యా. దాన్ని అట్లే నీ కాడ పెట్టుకో.”

“రేపు అందరూ వస్తాండారు. చిన్నమామ కొడుకు గూడా వస్తాడు. వాళ్ళకు ఏం చెప్పల్ల?”

“డబ్బీలో కొత్త పీకలుంటాయి చూడు. ఒగటి తీసి కాంచు. పసుపు పట్టినాంక ఎవురికి తెలస్తాది? అన్నీ నా చేతి పీకలే గదా.”

లైను తెగిందేమోనని మళ్ళీ పిలిచాను.

“ఉండా వదినా. ఒగటి చెప్తా, తిట్టగూడదు.”

“చెప్పు.”

“దాన్ని నేను నోట్లో పెట్టుకుంటాండా. ఇంట్లో ఎవురూ ల్యానప్పుడు. ఊదను. ఊరికే పెట్టుకొని కూచుంటా.” గొంతు తగ్గించింది. “తప్పా వదినా?”

అమ్మ చెప్పిన మాటలన్నీ నాలుక కొసకు వచ్చాయి.

“తప్పు గాదు,” అన్నాను.

“మొదట్ల వక్కాకు వాసనొచ్చేది. నమిలి నమిలి ఊదేటోడు గదా. మూడు దినాలు వచ్చింది.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు నా నోరే వదినా.”

నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. నేను కాచమన్న రోజు ఇంకా రానేలేదు, వాడు అప్పుడే పోయాడు. ఇక నోట్లో పెట్టుకోవద్దు, పంటి నొక్కైనా మిగులుతుందని చెప్పాలి. పీకల సంగతి తెలిసినదాన్ని నేనే. చెప్పడానికి నోరు తెరిచాను కూడా.

“పెట్టుకో మే,” అన్నాను.

పొయ్యి మీద అన్నం ఉందని చెప్పి ఫోన్ పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.